వైఫై పోతే ఏమవుతుంది? 57 లీటర్ల బీరు గడ్డకట్టాక నాకొచ్చిన ప్రశ్న

పోయినేడాది లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి ముగ్గురు రూమ్మేట్లం కలిసి బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్లాం. శుక్రవారం రాత్రి బాగా పొద్దుపోయాక బయల్దేరి, సోమవారం రాత్రికి డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉన్న మా అద్దింటికి తిరిగొచ్చాం. ఈ మూడు రోజుల్లో సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోన్ తీసి నా డ్యాష్‌బోర్డ్ చూసుకున్నా. గ్యారేజ్‌లో ఉన్న బీర్ ఫ్రీజర్ టెంపరేచర్ 4.1 డిగ్రీలు. పెద్ద పెద్ద ఆకుపచ్చ అంకెలు. నేనే డిజైన్ చేసింది కాబట్టి చూసిన ప్రతిసారీ ముచ్చటేసింది.

ఇంటికొచ్చి గ్యారేజ్ తలుపు ఎత్తేసరికి కంప్రెసర్ గుర్రుమంటూ తిరుగుతోంది. నేను బ్యాగులు దించుతుంటే మా రూమ్మేట్ ఫ్రీజర్ మూత తీసి, కెగ్ కదిలిద్దామని లోపలికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ముక్కు పట్టుకుని రెండడుగులు వెనక్కి పడ్డాడు. "మామా, ఏం పెట్టావ్‌రా ఇందులో? ముక్కులో సూదులు గుచ్చినట్టుంది, ఊపిరాడట్లేదు!"

గోడలకి అరంగుళం మందాన మంచు. మూడు కెగ్‌లూ బండరాళ్లలా ఉన్నాయి. ఒకదాని అడుగు బయటికి ఉబ్బిపోయింది. గ్యాస్ సిలిండర్ మీటర్ సున్నా. ఫోన్ తీసి చూస్తే డ్యాష్‌బోర్డ్‌లో ఇంకా అవే ఆకుపచ్చ అంకెలు, 4.1 డిగ్రీలు. దాని కింద, నేనెప్పుడూ పట్టించుకోని చిన్న బూడిద రంగు అక్షరాల్లో: చివరి అప్‌డేట్, శుక్రవారం రాత్రి 11:20.

ఈ సైట్‌లో ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బీర్ ఫ్రీజర్ గురించి ఎందుకంటే, స్మార్ట్ గ్యాడ్జెట్ల మీద నా అభిప్రాయం మొత్తం ఆ రాత్రే మారిపోయింది. ఒక్క ముక్కలో చెప్తా: పని చేసే బాధ్యత మూగ పెట్టెకి ఇవ్వండి, చూసి చెప్పే బాధ్యత మాత్రమే స్మార్ట్ పెట్టెకి ఇవ్వండి. రెండూ ఒకదానికే ఇస్తే ఏదో ఒక రోజు నాలాగే దెబ్బతింటారు.

అసలు ఈ బీర్ ఫ్రీజర్ ఏంటి?

కిరాణా షాపులో ఐస్‌క్రీమ్‌లు పెట్టే, మూత పైకి తెరుచుకునే డీప్ ఫ్రీజర్ తెలుసు కదా. అదే ఇది. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు దాన్నే కెగ్‌లు పెట్టుకునే కూలర్‌గా మార్చేసుకుంటారు. కెగ్‌కి, ఫ్రీజర్‌కి ముడిపెట్టి 'కీజర్' అని ముద్దుపేరు కూడా ఉంది. మూత పైనుంచి తెరుచుకుంటుంది కాబట్టి, తీసినప్పుడు బరువైన చల్లగాలి బయటికి జారిపోదు. మామూలు ఫ్రిజ్‌తో పోలిస్తే ఇదే పెద్ద లాభం.

ఇక్కడ ఇంట్లో బీరు చేసుకోవడం చట్టబద్ధమే. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, సొంతానికైతే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దవాళ్లుంటే 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా చేసుకోవచ్చు. 200 గ్యాలన్లంటే దాదాపు 757 లీటర్లు. మేం అందులో నాలుగో వంతు కూడా చేయం లెండి.

సీసాల్లో నింపడం విసుగొచ్చాకే కెగ్ వైపు వెళ్తారు ఎవరైనా. 5 గ్యాలన్ల స్టీల్ కెగ్, అంటే 19 లీటర్లు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు వాడినవే ఇవి. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి, రబ్బర్ రింగులు మారిస్తే కొత్తవాటిలా పనిచేస్తాయి. 7 క్యూబిక్ అడుగుల ఫ్రీజర్‌లో మూడు కెగ్‌లు, కంప్రెసర్ గట్టు మీద గ్యాస్ సిలిండర్ సరిపోతాయి.

ట్యాప్‌ల కోసం ఫ్రీజర్ గోడకి మాత్రం డ్రిల్ పెట్టకండి. చాలా ఫ్రీజర్లలో గ్యాస్ గొట్టాలు గోడల లోపలే తిరుగుతుంటాయి. డ్రిల్ బిట్ ఒక్కసారి తగిలిందంటే ఫ్రీజర్ చెత్తకుప్పకే. అందుకే మూత విప్పి, పెట్టెకీ మూతకీ మధ్య చెక్కతో ఒక చట్రం కట్టి, ట్యాప్‌లు ఆ చెక్కకి బిగిస్తారు. ఫ్రీజర్‌కి గీత కూడా పడదు, పైగా పొడుగాటి కెగ్‌లకి ఎత్తు కలిసొస్తుంది.

నాకు అయిన ఖర్చు: సెకండ్‌హ్యాండ్ ఫ్రీజర్ 120 డాలర్లు, మూడు పాత కెగ్‌లు 165, గ్యాస్ నింపిన సిలిండర్ 95, రెగ్యులేటర్ 60, గ్యాస్‌ని మూడు దారులుగా పంచే మానిఫోల్డ్ 30, మూడు ట్యాప్‌లు 135, గొట్టాలు, కనెక్టర్లు 60, చెక్క, సిలికాన్, ఫోమ్ 40. మొత్తం 705 డాలర్లు. ఈ లిస్టులో ఉండాల్సిన 35 డాలర్ల వస్తువు ఒకటి లేదు. కథంతా అక్కడే ఉంది.

నేను మిగిల్చిన 35 డాలర్లు

డీప్ ఫ్రీజర్ దానంతటది మైనస్ 18 డిగ్రీల దాకా పోతుంది. మనకి కావాల్సింది 3, 4 డిగ్రీలు. అందుకని ఫ్రీజర్ ప్లగ్‌కీ గోడ సాకెట్‌కీ మధ్య ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెడతారు. 5 డిగ్రీలు దాటితే కరెంట్ ఇస్తుంది, 4కి రాగానే ఆపేస్తుంది. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటివి ఇందుకే చాలామంది వాడతారు. వైఫై అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. రెండు అంకెలు, కొన్ని బటన్లు.

నేనేమో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, బీటెక్‌లో మైక్రోకంట్రోలర్ ప్రాజెక్ట్ కూడా చేశా. 35 డాలర్లు పెట్టి మూగ డబ్బా కొనడం ఏంటి అనిపించింది. ఇంట్లో పడున్న ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 సెన్సర్, నీలం రంగు రిలే మాడ్యూల్ తీసుకుని ఆదివారం మధ్యాహ్నానికల్లా సొంత కంట్రోలర్ కట్టేశా. క్లౌడ్‌లో డ్యాష్‌బోర్డ్, గ్రాఫ్‌లు, అన్నీ పెట్టా. రెండు నెలలు అద్భుతంగా నడిచింది. వచ్చిన ప్రతి ఫ్రెండ్‌కీ బీరు కన్నా ముందు గ్రాఫ్ చూపించా.

ఇక బగ్ సంగతి. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ చెప్పాలి. నా కోడ్‌లో వరుస ఇది: మొదట వైఫై ఉందో లేదో చూడు, లేకపోతే వచ్చేదాకా ఆగు, తర్వాత టెంపరేచర్ చదువు, తర్వాత రిలే ఆన్ చేయాలో ఆఫ్ చేయాలో తేల్చు. "వచ్చేదాకా ఆగు" అన్న చోట ఒక వైల్ లూప్. ఆ శుక్రవారం రాత్రి రౌటర్ హ్యాంగ్ అయింది. సరిగ్గా అప్పుడు కంప్రెసర్ ఆన్‌లో ఉంది. బోర్డు పాపం బుద్ధిగా వైఫై కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, దాదాపు మూడు రోజులు. టెంపరేచర్ చదివే లైన్ దాకా కోడ్ రానేలేదు, రిలే ఆన్‌లోనే ఉండిపోయింది. వైల్ లూప్‌లో చిన్న డిలే పెట్టా కాబట్టి బోర్డు వేలాడుతోందని వాచ్‌డాగ్‌కి కూడా అనుమానం రాలేదు.

బీరు మైనస్ 2, 3 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. నీళ్లు మంచయితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. నిండుగా ఉన్న స్టీల్ కెగ్‌లో ఆ ఉబ్బుకి చోటెక్కడిది? ఒకదాని అడుగు వంగింది, ఇంకోదాని మూత రబ్బర్ రింగు జారింది. ఆ సందులోంచి గ్యాస్ మొత్తం ఫ్రీజర్‌లోకి పోయింది. రూమ్మేట్ పీల్చింది అదే.

ఒక్కసారి వెనక్కి చూసుకోండి. సెన్సర్ బాగుంది. రిలే బాగుంది. ఫ్రీజర్ బాగుంది. బీరు చల్లబరచడానికి వైఫైతో ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం నేనే, నా చేతుల్తో, ఫీచర్ అనుకుని పెట్టా.

మూగ డబ్బాకి తెలిసినవి, నాకు తెలియనివి

తర్వాతి వారమే ఆ 35 డాలర్ల డబ్బా కొన్నా. దాని మాన్యువల్ చదువుతుంటే నా కోడ్‌లో లేనివి ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మొదటిది కంప్రెసర్ డిలే. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ ఆన్ చేస్తే, లోపల గ్యాస్ ఒత్తిడి ఇంకా సర్దుకోదు. మోటార్ తిరగలేక భారీగా కరెంట్ లాగుతుంది, పదే పదే ఇలా అయితే కాలిపోతుంది. ఈ డబ్బా ఆగాక డిఫాల్ట్‌గా 3 నిమిషాలు ఆగి గానీ మళ్లీ స్టార్ట్ చేయదు. నా కోడ్‌లో అలాంటిదే లేదు.

రెండోది రిలే. మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో లాగే కరెంట్, నడుస్తున్నప్పటి కరెంట్‌కి చాలా రెట్లు ఉంటుంది. చవక రిలే మాడ్యూల్‌లో లోపలి కాంటాక్ట్‌లు ఆ వేడికి అతుక్కుపోవచ్చు. అతుక్కుంటే కోడ్ ఎంత బాగున్నా ఫ్రీజర్ ఆగదు. నా కోడ్ ముందు చెడింది కాబట్టి రిలేకి ఆ అవకాశం రాలేదు, అంతే.

మూడోది సెన్సర్ పెట్టే చోటు. ఇది ఏ కంట్రోలర్‌కైనా ఒకటే. గాలిలో వేలాడదీస్తే మూత తీసిన ప్రతిసారీ కంగారుపడి కంప్రెసర్‌ని ఆన్-ఆఫ్ చేస్తుంది. కెగ్ నడుముకి టేప్ వేసి అంటించి, పైన ఒక ఫోమ్ ముక్క కప్పితే 19 లీటర్ల ద్రవం టెంపరేచర్ నిదానంగా, నిజాయితీగా తెలుస్తుంది.

డబ్బాతో సంబంధం లేనివి ఇంకో రెండు. ఫ్రీజర్ అడుగున చలి ఎక్కువ, పైన ట్యాప్‌ల దగ్గర తక్కువ. అందుకే మొదటి గ్లాస్ అంతా నురగే వస్తుంది. పాత పీసీ ఫ్యాన్ ఒకటి లోపల పెట్టి గాలి తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. కెగ్ నుంచి ట్యాప్‌కి సన్న గొట్టం పొట్టిగా కోసినా నురగే. 10 అడుగుల దాకా చుట్టి పెడితే ఒత్తిడి దారిలోనే తగ్గుతుంది. 3, 4 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 పీఎస్ఐ ఒత్తిడి మామూలు బీరుకి సరిపోతుంది.

గ్యాస్‌ని తేలిగ్గా తీసుకోకండి

మిగతావన్నీ డబ్బు నష్టం. ఇది మాత్రం ప్రాణం సంగతి, అందుకని కొంచెం లెక్క చేద్దాం.

5 పౌండ్ల సిలిండర్‌లో దాదాపు 2.27 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. బయటికొస్తే గది టెంపరేచర్‌లో సుమారు 1,200 లీటర్ల గ్యాస్ అవుతుంది. మా ఫ్రీజర్ లోపలి చోటు 200 లీటర్లే. అంటే ఫ్రీజర్‌ని ఆరుసార్లు నింపేంత. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, అడుగున చేరి కదలకుండా ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. చిక్కగా ఉన్నప్పుడు మాత్రం ముక్కు తడిలో కరిగి మండిస్తుంది.

ఇదే ఫ్రీజర్ 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న మూసిన బెడ్‌రూమ్‌లో ఉంటే, సిలిండర్ మొత్తం లీకయ్యాక గదిలో 5 శాతం పైనే చేరుతుంది. 4 శాతానికే ప్రాణాపాయం అని అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్క. మాది రెండు కార్లు పట్టే గ్యారేజ్, పైగా తలుపు తీసి ఉంది. ఆ రాత్రి మేం తప్పించుకున్నది నా తెలివి వల్ల కాదు, ఫ్రీజర్ పెట్టిన చోటు వల్ల. మొదట్లో అది నా బెడ్‌రూమ్‌లోనే పెడదాం అనుకున్నా, ఇంటి ఓనర్ కార్పెట్ పాడవుతుందని వద్దన్నాడు. ఆయనకి ఇప్పటికీ తెలీదు నాకెంత మేలు చేశాడో.

కాబట్టి ప్రతి జాయింట్ మీద సబ్బునీళ్లు కొట్టి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఊరెళ్తుంటే సిలిండర్ వాల్వ్ కట్టేయండి. మూత తీశాక కాసేపు ఆగి, మొహం దూరంగా పెట్టి పని చేయండి. వంద డాలర్ల లోపే దొరికే కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి నేల దగ్గర పెట్టండి.

నా ఒక్కడి కథే కాదు

"నువ్వు కోడ్ సరిగ్గా రాయలేదు, దానికి స్మార్ట్ గ్యాడ్జెట్లని ఎందుకంటావ్?" అని నా టీమ్‌మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ నాకన్నా వంద రెట్లు మంచి ఇంజినీర్లున్న చోట కూడా ఇదే జరిగింది. 2016 జనవరిలో, చలి మంచి ఊపు మీదున్నప్పుడు, నెస్ట్ థర్మోస్టాట్లలో ఒక సాఫ్ట్‌వేర్ బగ్ బ్యాటరీలని ఖాళీ చేసేసింది. హీటర్ బాగానే ఉంది, కానీ దానికి "ఆన్ అవ్వు" అని చెప్పే పెట్టె నిద్రపోయింది. జనం ఇళ్లలో వణికారు. గోడ మీద ఉండే పాతకాలపు గుండ్రటి థర్మోస్టాట్‌కి ఆ జబ్బు రానే రాదు.

బీరు ప్రపంచంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. సియాటిల్‌కి చెందిన పికోబ్రూ ఇంట్లో బీరు కాచే మెషీన్లు అమ్మేది. ప్యాక్ పెట్టు, బటన్ నొక్కు, అంతే. అయితే రెసిపీ కంపెనీ సర్వర్ నుంచి రావాలి. 2020లో కంపెనీ చేతులెత్తేసింది. వంటింట్లో ఉన్న స్టీల్ మెషీన్‌కి ఏ లోపమూ లేదు, కానీ దాని బుర్ర వేరే ఊళ్లో అద్దెకుంది. చివరికి హాబీగా వాడేవాళ్లే రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే సొంత సర్వర్ రాసుకుని ఆ మెషీన్లని బతికించుకున్నారు. వాళ్లకి నా దండం. కానీ డబ్బు పెట్టి కొన్నవాళ్లందరూ అది చేయగలరా?

నా ఫ్రీజర్ మీద మాత్రం ఎవడి సర్వర్ పెత్తనమూ లేదు. కంప్రెసర్ పోతే వేరే ఫ్రీజర్, కంట్రోలర్ పోతే వేరే కంట్రోలర్. చెక్క చట్రం, ట్యాప్‌లు, కెగ్‌లు అవే. నా దృష్టిలో మంచి గ్యాడ్జెట్ అంటే ఇదీ.

మరి స్మార్ట్ పూర్తిగా వద్దా?

వద్దనట్లేదు. నా ఈఎస్‌పీ32 ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది. రిలే పీకేశా, అంతే. ఇప్పుడది చూస్తుంది, చెప్తుంది. దేన్నీ ముట్టుకోదు. అది చచ్చిపోయినా బీరు 4 డిగ్రీల్లోనే ఉంటుంది.

ఇంకో మార్పు: అరగంట పాటు డేటా రాకపోతే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. ఆ శుక్రవారం నా డ్యాష్‌బోర్డ్ అబద్ధం చెప్పలేదు, పాత నిజం చెప్పింది. పాత నిజాన్ని పెద్ద ఆకుపచ్చ అక్షరాల్లో చూపించడం నా తప్పు. ఇప్పుడు డేటా ఆగితే అంకె మాయమై ఎర్రటి గీత వస్తుంది. సెన్సర్ నుంచి కబురు రాకపోవడం కూడా కబురే.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. కాబట్టి ఆ ప్రయోగం వద్దు. కానీ ఇదే సెటప్‌లో సోడా, కోల్డ్ బ్రూ కాఫీ పెట్టుకోవచ్చు. గడ్డకట్టిన సంఘటన తర్వాత మా మూడో ట్యాప్ సోడాకే వదిలేశా. మొన్న అమ్మా నాన్నా వచ్చినప్పుడు మిగతా రెండు ట్యాప్‌ల వంక అమ్మ చూడను కూడా చూడలేదు గానీ, మూడోదాని కింద గ్లాస్ పెట్టి నిమ్మకాయ, ఉప్పు వేసుకుని, "ఇదొక్కటే ఉంచి మిగతావి తీసేయరా" అంది. ఫ్రీజర్ కొనేటప్పుడు మాత్రం తిప్పే నాబ్ ఉన్నది చూసుకోండి. టచ్ ప్యానెల్ ఉన్నవాటిలో కొన్ని కరెంట్ పోయి వచ్చాక దానంతటవే ఆన్ కావు. కంట్రోలర్ చేసే పనే కరెంట్ తీసి ఇవ్వడం కదా.

నా తీర్పు

వారాంతంలో చెక్క కోయడం, గొట్టాలు బిగించడం ఇష్టమైతే, గాలాడే గ్యారేజ్ ఉంటే, ఇది రెడీమేడ్ మెషీన్ కన్నా ఎక్కువ కాలం మీతో ఉంటుంది. అపార్ట్‌మెంట్ బెడ్‌రూమ్‌లోనే పెట్టాల్సి వస్తే వద్దు, నిజంగా వద్దు.

బీరూ సోడా అక్కర్లేనివాళ్లు కూడా ఒక్క ప్రశ్న మాత్రం పట్టుకెళ్లండి. స్మార్ట్ లాక్, స్మార్ట్ గీజర్, స్మార్ట్ ప్లగ్, ఏది కొన్నా స్పెక్స్ షీట్ చూసే ముందు అడగండి: వైఫై పోతే ఇది ఏం చేస్తుంది? తలుపు తెరుచుకుంటుందా? గీజర్ ఆగుతుందా? కంపెనీ వాళ్ల దగ్గర సూటి జవాబు లేకపోతే కొనకండి. నేను ఆ ప్రశ్న అడక్కుండా మిగిల్చింది 35 డాలర్లు. పోగొట్టుకుంది 57 లీటర్ల బీరు, ఒక కెగ్, ఒక సిలిండర్ గ్యాస్. మా రూమ్మేట్ ఇప్పటికీ ఫ్రీజర్ మూత తీసే ముందు నన్ను పిలిచి, "నువ్వే వంగు మామా" అంటాడు.